గిన్నెయా, పుర్రెయా? : 'స్కోల్' అను విందుమాట పుట్టుక

స్వీడన్, డెన్మార్క్, నార్వే దేశములలో నలుగురు కలిసి విందుకు కూర్చున్నప్పుడు చేతిలోని పాత్రను పైకెత్తి 'స్కోల్' అని పలుకుదురు. ఐస్‌లాండ్ ద్వీపవాసులు దానినే 'స్కౌల్' అందురు. ఆంగ్లేయులు 'చీర్స్' అనుచోట ఉత్తర ఐరోపా వారు పలుకు మాట ఇది. ఇప్పుడు మన పాలమూరు, నల్లగొండ ప్రాంతముల నుండి కూడ పిల్లలు చదువులకును, ఉద్యోగములకును ఆ దేశములకు పోవుచున్నారు. అక్కడ మొదటి విందులోనే ఈ మాట చెవిన పడును. దాని వెంటనే ఎవరో ఒకరు ఒక కథ కూడ చెప్పుదురు. ఆ కథ ఏమనగా, పూర్వము అక్కడి సముద్రవీరులైన వైకింగులు తాము చంపిన శత్రువుల పుర్రెలలో మద్యము పోసికొని త్రాగెడివారట; పుర్రెకు ఆంగ్లములో 'స్కల్' అని పేరు గదా, అదియే 'స్కోల్' అయినదట! వినుటకు వెంట్రుకలు నిక్కబొడుచుకొను కథ. కాని ఇది నిజము కాదు. ఎందుకు కాదో, ఈ అపవాదు ఎట్లు పుట్టినదో తెలిసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మద్యపానమునకు సంబంధించిన మాటకు ఒక కళాశాల సంచికలో చోటేల అని కొందరు పెద్దలకు తోచవచ్చును. ఈ పల్లెలలో త్రాగుడు ఎన్ని కాపురములను కూల్చినదో ఎవరికిని చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచి మొదలుపెట్టిన ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వరకు పోయినది. 1997లో ఆ నిషేధము సడలినది. ఇక ఇస్లాము మత్తు పానీయములను నిషేధించినదన్నది అందరెరిగినదే. అయినను ఉర్దూ కవిత్వము చదువు విద్యార్థి సాకీ, జామ్, పైమానా, మైఖానా అను మాటలు తెలియక ఒక్క గజలునైనను దాటలేడు. మాటను పరిశీలించుట వేరు, పాత్రను అందుకొనుట వేరు.

మొదట మాట సంగతి చూతము. ప్రాచీన నార్స్ భాషలో ఈ మాటకు అర్థము 'గిన్నె'. అంతకు మించి ఏమియును లేదు. నేటికిని స్వీడిష్, డేనిష్, నార్వీజియన్ భాషలలో వంటింటి గిన్నెను ఈ మాటతోనే పిలుతురు. త్రాసు యొక్క తట్టకు కూడ ఇదే పేరు. ఆంగ్లేయులు త్రాసును 'స్కేల్' అందురు గదా, ఆ మాట నార్స్ వారి ఈ గిన్నె నుండియే వారికి అబ్బినది. గవ్వ, చిప్ప, పెంకు అను అర్థము గల 'షెల్' కూడ ఇదే కుటుంబములోనిది. వీటన్నిటికిని మూలమైన ధాతువునకు చీల్చుట, రెండుగా కోయుట అని భాషాశాస్త్రజ్ఞులు అర్థము చెప్పుదురు. కాయను రెండుగా చీల్చి, లోపలి గుజ్జు తీసివేసినచో మిగులునది చిప్ప. మనుష్యుని మొదటి గిన్నె అదియే. మన తెలంగాణములో ఎండుకొబ్బరి చిప్పను కుడుక అందుము. చిన్న గిన్నెకు కూడ కుడుక అనియే పేరు. స్వీడన్ దేశపు గిన్నెకును, మన కుడుకకును పుట్టుక ఒక్క తీరుననే జరిగినది.

మరి పుర్రె మాట? స్వీడిష్ భాషలో పుర్రెను 'స్కల్లె' అందురు. అది చిప్ప, పెంకు అను మాటలకు దగ్గరిది. ఆంగ్లపు 'స్కల్' కూడ ఆ వైపు నుండియే వచ్చియుండునని కొందరు పండితుల అభిప్రాయము. కావున గిన్నె మాటకును, పుర్రె మాటకును ఎక్కడనో దూరపు చుట్టరికమున్న ఉండవచ్చును. అంతమాత్రమున పుర్రెలో త్రాగినందువలన గిన్నెకు ఆ పేరు వచ్చినదనుట ఏ న్యాయము? తలను గిన్నెతో పోల్చి పేరు పెట్టుట లోకమంతట ఉన్నది. లాటిన్ భాషలో 'టెస్టా' అనగా కుండపెంకు. దాని నుండియే ఫ్రెంచి వారి 'తెత్', అనగా తల, వచ్చినది. జర్మనుల 'కోఫ్' అను తల మాట లాటిన్ లోని 'కుప్పా', అనగా పాత్ర, నుండి వచ్చినది. సంస్కృతమున కపాలమనగా పుర్రెయు, కుండపెంకును, భిక్షాపాత్రయు కూడ.

ఇంత దూరము పోనేల? మన తెలుగున 'బుర్ర' ఉన్నది. "వాడికి బుర్ర లేదు" అన్నచో తల, తెలివి అని అర్థము. సొరకాయ బుర్ర అన్నచో ఎండిన కాయను తొలిచి చేసిన పాత్ర. పశువుల కాపరులు మంచినీళ్లు పోసికొని భుజమునకు తగిలించుకొనిపోయిన పాత్ర అది. బుర్రకథకు ఆ పేరు సొరబుర్రతో చేసిన తంబుర నుండి వచ్చినదని చెప్పుదురు. ఒక పరదేశి యాత్రికుడు పాలమూరి పల్లెకు వచ్చి, ఒక కాపరి 'బుర్ర'లో పానీయము త్రాగుట చూచి, సాయంకాలము నిఘంటువు తెరచి బుర్ర అనగా తల అని చదివి, ఈ ప్రజలు మనుష్యుల తలలలో పోసికొని త్రాగుదురని తన దేశమునకు వ్రాసి పంపినాడనుకొందము. మనము నవ్వుదుమా, కోపగింతుమా? వైకింగుల విషయమున జరిగినది ఇంచుమించు ఇట్టిదే. కాకపోతే అక్కడ వ్రాసినవాడు సామాన్య యాత్రికుడు కాదు, గొప్ప పండితుడు.

ఆయన పేరు ఓలె వర్మ్. కోపెన్‌హాగెన్ నగరములో వైద్యశాస్త్ర ఆచార్యుడు, పురాతన వస్తువులను, రూనిక్ శాసనములను శ్రద్ధతో సేకరించిన పరిశోధకుడు. 1636లో ఆయన డేనిష్ ప్రాచీన సాహిత్యముపై లాటిన్ భాషలో ఒక గ్రంథము ప్రకటించినాడు. అందులో 'క్రాకుమౌల్' అను ప్రాచీన పద్యకృతిని లాటిన్ అనువాదముతో చేర్చినాడు. పాముల గోతిలో పడవేయబడి మరణించుచున్న రాగ్నర్ లోద్‌బ్రోక్ అను వీరుడు తన పరాక్రమమును తానే తలచుకొనుట ఆ కృతిలోని విషయము. తాను త్వరలోనే ఓడిన్ దేవుని కొలువులో బీరు త్రాగెదనని ఆ వీరుడు అనును. ఏ పాత్రలో? కవి దానిని సూటిగా చెప్పక పుర్రెపై పెరుగు వంకర చెట్ల ప్రసక్తి తెచ్చి డొంకతిరుగుడుగా చెప్పినాడు. పశువు పుర్రెపై వంకరగా పెరుగునది కొమ్ము. అనగా కొమ్ముపాత్రలో త్రాగెదనని భావము. నార్స్ కవులకు ఇట్టి పొడుపుకథ వంటి మాటలు మిక్కిలి ప్రియము. వర్మ్ గ్రంథములోని అనువాదమునకు ఈ పొడుపు విడలేదు. వీరులు తాము చంపినవారి పుర్రెలలో త్రాగుదురని లాటిన్ చేసి విడిచినారు. లాటిన్ ఆనాటి ఐరోపా విద్వాంసులందరి భాష. 1763లో థామస్ పెర్సీ ఆంగ్లములో ప్రకటించిన అనువాదములో కూడ ఇదే భావము నిలిచినది. ఇంకొక్క విశేషము గమనింపవలెను. ఆ కృతిలో పుర్రెకు వాడిన మాట 'హౌస్'. మన 'స్కోల్' మాట ఆ చోట లేనే లేదు!

రెండు భాషలు చదువు మన విద్యార్థులకు ఈ ప్రమాదము సులభముగా బోధపడును. సంస్కృతమున ద్రాక్షకు గోస్తని అని పేరు. ఆవు పొదుగును పోలిన గుత్తి గలది అని దాని భావము. అది తెలియని అనువాదకుడు ద్రాక్షారసమును ఏమని మార్చునో ఊహించుకొనుడు. పారసీ, ఉర్దూ కవులు మద్యమును 'దుఖ్తరె రజ్' అందురు, అనగా ద్రాక్షతీగ కూతురు. దీనిని మాటకు మాట తెలుగు చేసినచో ఎవరి కూతురినో త్రాగిన రాక్షసుని కథయగును. పామునకు చక్షుశ్శ్రవమని పేరున్నది, కన్నులే చెవులుగా గలది అని. నిఘంటువు ఇచ్చు అర్థము వేరు, కవి ఉద్దేశించిన అర్థము వేరు. ఈ రెంటి నడుమ జారిన ఒక్క అడుగు ఒక జాతి మొగమునకు మూడు వందల ఏండ్లు మసి పూసినది. పారసీక కవిత్వము చదువుకొనవలెనను తెలుగువారికి ఇట్టి జారుపాటు కలుగకుండ మన జిల్లావాడే మంచి దారి వేసియున్నాడు. కల్వకుర్తి ప్రాంతమున 1899లో జన్మించి, 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావు రాజకీయములలో మునిగియుండియు పారసీక వాఙ్మయ చరిత్రను తెలుగున వ్రాసినాడు. మన గ్రంథాలయమునకు పోవు విద్యార్థులు అట్టి గ్రంథములను అడిగి చదువవలెను.

పుర్రెపాత్రలు లోకమున అసలే లేవని మాత్రము అనరాదు. సిథియనులు శత్రువుల పుర్రెలను పాత్రలుగా చేసికొందురని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. అంతకంటె ప్రసిద్ధమైనది లంబార్డు రాజు ఆల్బోయిన్ కథ. ఎనిమిదవ శతాబ్దికి చెందిన పౌల్ అను క్రైస్తవ సన్యాసి దీనిని చెప్పినాడు. ఆల్బోయిన్ గెపిడుల రాజైన కునిముండును యుద్ధమున చంపి, ఆతని పుర్రెతో పాత్ర చేయించి, ఆతని కూతురు రోసముండను పెండ్లాడినాడు. వెరోనా నగరములో ఒక విందునాడు ఆ పాత్రను రాణికి అందించి, నీ తండ్రితో కలిసి సంతోషముగా త్రాగుమన్నాడట. రాణి ఆ మాటను మరువలేదు. 572లో ఆమె పన్నిన పన్నాగమున రాజు హతుడైనాడు. ఆ పాత్రను రాట్‌కిస్ రాజు చేత నుండగా తాను స్వయముగ చూచితినని పౌల్ ప్రమాణపూర్వకముగ చెప్పుచున్నాడు. ఇట్టి పాత్రను లంబార్డులు 'స్కాలా' అందురని కూడ వ్రాసినాడు!

చూచితిరా, చివరకు పుర్రెకథయే నిలిచినదని ఎవరైన అనవచ్చును. కాని పౌల్ ఆ మాటకు లాటిన్ అర్థము కూడ వెంటనే ఇచ్చినాడు: 'పతెరా'. పతెరా అనగా లోతు తక్కువ గల గిన్నె. అనగా 'స్కాలా' గిన్నెకు పేరు. ఆ ఒక్క గిన్నె మాత్రము దురదృష్టవశమున పుర్రెతో చేసినది. ఇటువంటిదే ఇరాన్ చరిత్రలోను కలదు. 1510లో మర్వ్ యుద్ధమున షా ఇస్మాయిల్ సఫవీ ఉజ్బెకుల రాజగు షైబానీ ఖానును ఓడించి, ఆతని పుర్రెకు నగిషీ చేయించి పానపాత్రగా వాడినాడు. అంతమాత్రమున 'జామ్' అను మాటకు గాని, 'పియాలా' అను మాటకు గాని పుర్రె అని అర్థమున్నదని ఏ ఉర్దూ పండితుడైనను చెప్పునా? భైరవమూర్తి చేతిలో కపాలపాత్ర ఉన్నందున మనము ఇంటిలో వాడు పాత్రలన్నియు కపాలములగునా? రాజుల క్రౌర్యమును చరిత్రలో వ్రాసికొనవలసినదే. దానిని తెచ్చి మాటకు అంటగట్టరాదు.

ఇక ఆచారము సంగతి. గిన్నె అను మాట శుభాకాంక్ష ఎట్లయినది? 'వారి గిన్నె త్రాగుట' అనగా వారి పేర ఎత్తిన పాత్రను త్రాగుట. కాలక్రమమున మిగిలిన మాటలు రాలిపోయి గిన్నె ఒక్కటి నిలిచినది. ఆ వెనుక ఉన్న ఆచారము మిక్కిలి పురాతనము. ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరి స్టుర్లుసన్ 1230 ప్రాంతమున నార్వే రాజుల చరిత్రను వ్రాసినాడు. అందులో క్రైస్తవ మతమునకు ముందటి బలి విందులను వర్ణించినాడు. మొదటి పాత్ర ఓడిన్ పేర, రాజునకు జయమును బలమును కోరుచు. తరువాత న్యోర్డ్, ఫ్రే అను దేవతల పేర, మంచి పంటను శాంతిని కోరుచు. ఆ పిమ్మట ప్రతిజ్ఞాపాత్ర. చివర చనిపోయిన బంధువుల పేర త్రాగు పాత్ర. దీనికి 'మిన్ని' అని పేరు, అనగా స్మృతి. ఈ మాటయు, మన 'మనస్సు' అను మాటయు ఒకే ప్రాచీన ధాతువు నుండి పుట్టినవి.

ప్రతిజ్ఞాపాత్ర అన్నది మాత్రము కొంచెము ప్రమాదకరమైనది. తండ్రి పోయిన రాజకుమారుడు పెద్ద పీట ముందటి మెట్టుమీద కూర్చుండవలెను. పాత్ర తెచ్చినప్పుడు లేచి, నేను ఈ కార్యము సాధించెదనని శపథము చేసి, పాత్రను ఖాళీ చేసి, అప్పుడు తండ్రి పీఠమెక్కవలెను. డెన్మార్క్ రాజు స్వెయిన్ తన తండ్రి ఉత్తరక్రియల విందులో ఇంగ్లండు రాజును వెడలగొట్టెదనని శపథము చేసినాడు. అక్కడనే యున్న యోమ్స్ వీరులు కూడ పెద్ద పాత్రలు త్రాగి, నార్వే మీదికి దండెత్తెదమని ప్రగల్భములు పలికినారు. మరునాడు మత్తు దిగిన తరువాత, మాట మితిమీరినదని వారికే తోచినదట! అయినను అన్నమాట తప్పరాక పోయి, యోరుంగ సముద్రశాఖ యుద్ధమున చిత్తుగా ఓడిపోయినారు.

అంతకంటె మనకు ఆలోచింపదగిన కథ హాకోన్ రాజుది. ఈయన పదవ శతాబ్దివాడు. ఇంగ్లండులో పెరిగి క్రైస్తవుడై, పాతమతమును విడువని నార్వే ప్రజలకు రాజైనాడు. లాదె అను చోట రైతులు బలి విందు చేసి, ఓడిన్ పేర ఎత్తిన కొమ్ముపాత్రను రాజునకు అందించినారు. త్రాగనిచో ప్రజలకు కోపము, త్రాగినచో తన విశ్వాసమునకు భంగము. రాజు పాత్రపై సిలువ గుర్తు చేసి త్రాగినాడు. అది ఏమి గుర్తని ఒకడు నిలదీసినాడు. పక్కనున్న సిగుర్డ్ ప్రభువు వెంటనే, రాజుగారు చేసినది థోర్ దేవుని సుత్తి గుర్తు అని సర్దిచెప్పినాడు. సిలువకును, సుత్తికిని రూపము దగ్గరిదే గదా! మరునాడు గుర్రపు మాంసము తినుమని వారు మరల పట్టుబట్టినారు. రాజు కాగు పిడిపై నారబట్ట చుట్టి, దానిపై నోరు తెరచి ఊరకున్నాడు. స్నోరి చెప్పినదాని ప్రకారము ఇరుపక్షములలో ఎవరికిని తృప్తి కలుగలేదు. ఒక విందుపాత్ర మనుష్యుని ఎంత ఇరుకున పెట్టగలదో ఈ కథ చెప్పినంత చక్కగా మరేదియు చెప్పదు. తరువాతి కాలమున దేశమంతయు క్రైస్తవమైనప్పుడు పాత్రలు పోలేదు, పేర్లు మాత్రము మారినవి. ఓడిన్ పేర ఎత్తినది క్రీస్తు పేర, మేరీ పేర, మైకేల్ దేవదూత పేర ఎత్తిరి. పశ్చిమ నార్వే యొక్క గులతింగ్ ధర్మశాస్త్రము, ప్రతి గృహస్థుడు బీరు కాచి, మంచి పంటకును శాంతికిని దైవమును తలచి దానిని పవిత్రము చేయవలెనని విధించినది, తప్పినవారికి జరిమానా.

ఇప్పుడు మన నేలకు వత్తము. స్నోరి చెప్పిన ఆ మొదటి పాత్రకును, చివరి పాత్రకును సరిపోలు ఆచారము నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో నేటికిని చూడవచ్చును. దాని పేరు సాక. బోనాల పండుగనాడు పసుపు కలిపి వేపాకులు వేసిన నీళ్లను గ్రామదేవత ముందు పోయుదురు. కల్లు సాక పోయువారును కలరు. ఉగ్రదేవతను చల్లబరచుట దీని భావము. గౌడులు తమ కులదైవములైన ఎల్లమ్మకును, కంఠమహేశ్వరునకును కల్లు సాక పెట్టుదురు. తాటివనములో చెట్టుక్రింద కూర్చున్నవాడు తాటాకును మడచి చేసిన దొప్పను రెండు చేతుల పట్టుకొనగా గౌడు లొట్టి నుండి కల్లు వంచును. త్రాగుటకు ముందు వేలు ముంచి నాలుగు చుక్కలు నేలపై చిలకరించు అలవాటు పెద్దలలో కలదు. నోట ఏ మాటయు పలుకరు. ఆ చుక్కలే వారి విందుమాట. చనిపోయినవారి దినకర్మలలో, ఆ ఇంట త్రాగు అలవాటున్నచో, అన్నముతో పాటు కల్లు కూడ పెట్టి పెద్దలను తలతురు. స్నోరి చూచినచో దీనిని 'మిన్ని' అనియే వ్రాసియుండును. మన సామాన్య ప్రజల ఇట్టి ఆచారములు కూడ చరిత్రయేనని, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వ్రాసి చూపినాడు. రాజుల వంశావళి కంటె వారి వంటయిల్లు ఎక్కువ చెప్పునని ఆ గ్రంథము చదివినవారికి తెలియును.

భేదము కూడ చెప్పవలెను. నార్స్ విందులో పాత్ర ఎత్తుట పైకి, పదిమంది ఎదుట. అది మాటతో కూడినది, ప్రతిజ్ఞతో కూడినది. మన సాక క్రిందికి, నేలకు; మాట లేనిది. అక్కడ త్రాగువాడు దేవునితో కలిసి త్రాగును. ఇక్కడ మొదటి గుక్క తనది కాదని ఒప్పుకొని, మిగిలినది త్రాగును.

సాక అను మాట వినగానే ఉర్దూ విద్యార్థికి సాకీ గుర్తు వచ్చును. రెండును పోయుటకు సంబంధించినవే. ధ్వని కూడ దగ్గర. అయినను ఇవి ఒకటేనని తీర్మానించుట 'స్కోల్', 'స్కల్' ఒకటేయనుట వంటి తొందరపాటగును. సాకీ అరబ్బీ మాట. దాని ధాతువునకు నీళ్లు త్రాగించుట అని అర్థము. కవులు తరువాత ఆతని చేతికి మద్యపాత్ర నిచ్చినారు గాని, పుట్టుకతో సాకీ నీళ్లిచ్చువాడే. తోలుసంచిలో నీళ్లు మోయు భిస్తీని 'సఖ్ఖా' అనుటయు ఈ ధాతువు నుండియే. మక్కాకు వచ్చు యాత్రికులకు నీళ్లందించు గౌరవపదవికి 'సికాయా' అని పేరు. మరొక వింత, మద్యము మీద పన్ను వసూలు చేయు ప్రభుత్వశాఖకు నిజాము కాలము నుండి మనము విన్న పేరు ఆబ్కారీ. పారసీలో ఆబ్ అనగా నీరు, కార్ అనగా పని. నీటిపని శాఖ యన్నమాట! ఆ పేరు పెట్టినవారు పరిహాసమునకు పెట్టలేదు గాని, వినువానికి నవ్వు వచ్చును.

పారసీకుల శుభాకాంక్ష 'నోష్' మరింత అందమైనది. తినునప్పుడు, త్రాగునప్పుడు 'నోషె జాన్' అందురు. మన ఉర్దూ ఇండ్లలో షర్బత్ అందించుచు 'నోష్ ఫర్మాయియే' అనుట విననివారుండరు. ఇది ప్రాచీన పారసీకమున 'అనోష్', అనగా చావులేనిది. మన 'అమృతము'నకు సరియైన మాట. న్యాయమునకు పేరుపొందిన నౌషేర్వాన్ చక్రవర్తి పేరునకు అర్థము కూడ 'అమరాత్మ' యనియే. ఈయన 531 నుండి 579 వరకు ఏలినాడు. అనగా ఆల్బోయిన్ రాణి చేతికి తండ్రి పుర్రె నందించిన కాలమున ఇరాన్ లో అమరాత్ముడు రాజ్యము చేయుచుండెను.

ఇక స్కోల్ మాట ప్రయాణము నాలుగు మాటలలో. 1589లో స్కాట్లాండు రాజు ఆరవ జేమ్స్ డెన్మార్క్ రాజపుత్రి ఆన్‌ను పెండ్లాడుటకు సముద్రము దాటి, ఆ శీతకాలమంతయు ఆ దేశముల విందులలో గడిపినాడు. 1600 ప్రాంతమునకు ఆంగ్లములో ఈ మాట కనిపించుచున్నది. ఆ రాజు వెంట వెళ్లినవారే దీనిని తెచ్చిరని కొందరి ఊహ. 1841లో అమెరికా కవి లాంగ్‌ఫెలో తన ఒక కవితలో వాడిన తరువాత ఆంగ్ల పాఠకులకు ఇది బాగుగ పరిచయమైనది. ఆంగ్లేయుల 'టోస్ట్' అను మాట మాత్రము కాల్చిన రొట్టెముక్క నుండి వచ్చినది. మసాలా వేసి కాల్చిన రొట్టెను రుచికై మద్యములో వేయువారు. 'చీర్స్' మాటకు మూలార్థము 'ముఖము'. ప్రాచీన ఫ్రెంచిలో ముఖమని అర్థమిచ్చిన మాట, ముఖమున కనబడు సంతోషమై, చివరకు విందు కేకయైనది.

ముఖము ప్రసక్తి వచ్చినది గనుక స్వీడన్ విందు మర్యాద ఒకటి చెప్పవలెను. పాత్ర ఎత్తి ఎదుటివారి కన్నులలోనికి చూడవలెను. స్కోల్ అని, త్రాగి, పాత్ర దించకముందు మరల ఒకసారి కన్నులలోనికి చూడవలెను. ఎదుటివారిని చూడక త్రాగుట అమర్యాద. పాత్రలో ఏమున్నదన్నది ఈనాడు ముఖ్యము కాదు. నీళ్లు పోసికొనిన విద్యార్థి కూడ పాత్ర ఎత్తి స్కోల్ అనవచ్చును. హాకోన్ రాజునకు కలిగిన చిక్కు ఆతనికి లేదు.

నీళ్లతోనే తలచుకొను విందు మన యూళ్లలో ఏటేట జరుగుచున్నది గదా. మొహర్రం మాసమున వీధుల ప్రక్కన సబీలు కట్టి, వచ్చిపోవువారికి నీళ్లును షర్బత్తును ఇత్తురు. హిజ్రీ 61లో, అనగా క్రీస్తుశకము 680లో, కర్బలా మైదానమున ఇమాం హుసేనును, ఆయన వెంటనున్నవారును యూఫ్రటీసు నది చెంతనే దప్పికతో అలమటించి అమరులైన సంగతిని తలచి ఇచ్చు నీరది. పిల్లల కొఱకు నదికి పోయి నీళ్లతో తిరిగిరాలేకపోయిన అబ్బాసును 'సఖ్ఖా' అనియే పిలుతురు. సబీల్ అనగా దారి. దైవమార్గమున ఇచ్చినది అని భావము. మన పల్లెలలో పీర్ల పండుగనాడు మలీద ముద్దలతో పాటు షర్బత్తు కడవలను హిందువుల ఇండ్ల నుండి కూడ తెత్తురు. ఆ నీటిని అందుకొనువాని కులమేమి, మతమేమి అని సబీలు దగ్గర నిలుచున్నవాడు అడుగడు. గిన్నె ముంచి ఇచ్చును, త్రాగినవాడు గిన్నె తిరిగి ఇచ్చును, వెనుకవాడు అందుకొనును.